ఆసుపత్రి మలుపులో తెల్లగీత

మార్చి 11, మంగళవారం
పొద్దున్న పది గంటలు

పూజ్యులైన బావగారికి,

మీ బావమరిది నమస్కరించి రాయునది. ఇక్కడ నేను, నా మోకాళ్లు, నా దగ్గు అందరమూ క్షేమం. అక్కడ మీరూ అక్కా క్షేమమని తలుస్తాను. మర్యాద ఇంతవరకే. పందొమ్మిదేళ్లుగా మాటల్లేని మనిషిని మీరూ గారూ అనడం నా వల్ల కాదు. ఇక నువ్వే.

బావా, నువ్వు నాకు చేసింది నేను మర్చిపోలేదు. ఆ రోజు ఆసుపత్రి మలుపులో, ఆఫీసరు జీపులో కూర్చుని ఉండగా, పదిమంది కూలీల ముందు నువ్వు నోరు తెరిచి, సార్, ఈ గీత తప్పు పడింది, చెరిపేసి మళ్లీ వేయాలి అన్నావు. నేను రోడ్డు మీద గీతలు వేసే మేస్త్రీని. గీత వంకర పోకుండా పట్టే దారానికి అవతలి చివర పట్టుకునే మనిషివి నువ్వు. పైగా అక్క మొగుడివి. ఆ మాట నా చెవిలో చెప్పి ఉంటే నీ సొమ్మేం పోయేది? ఆఫీసరు నా వంక చూశాడు. నేనేం చేయను? గీతలో తేడా ఏమన్నా ఉంటే దారం మా బావ చేతిలో వదులై ఉంటుంది గానీ నా చేతిలో తప్పు లేదు సార్ అన్నాను. ఆయనకి భోజనం వేళ దాటుతోంది. సరిగ్గానే ఉందని కొలతల పుస్తకంలో రాసుకుని ఇద్దరి చేతా సంతకాలు పెట్టించాడు. మరుసటి వారం నిన్ను గీతల పని నుంచి తీసేసి గుంతలు పూడ్చే పనిలో వేశారు. అది నేను చేయించానని నువ్వు అనుకున్నావు. నా భార్య పోయినప్పుడు వచ్చి, గుమ్మం బయట చెప్పులేసుకునే నిలబడి, వెళ్లిపోయావు. నేను అదీ మర్చిపోలేదు.

ఇప్పుడు అసలు సంగతి. నిన్నటి నుంచి నాకు కాళ్లూ చేతులూ ఆడటం లేదు. బావా, నేను డ్రైవరు లేని బండి ఎక్కాను.

నిన్న పొద్దున్న కళ్లద్దాల అమ్మాయి ఒకతి తలుపు కొట్టింది. ఇంజినీరట. నా మనవరాలి వయసుంటుంది. రోడ్ల ఆఫీసులో పాత పుస్తకం తిరగేసి నా అడ్రసు పట్టుకుందట. తాతా, మలుపులో గీత వేసింది మీరేనా అంది. ఊళ్లో గీతలన్నీ నేనే వేశాను, ఏ మలుపో చెప్పు అన్నాను. ఆసుపత్రి గేటు ముందరి మలుపు అంది. చొక్కా తొడుక్కుని బయల్దేరాను.

బండి తెల్లగా, ఆటో ఒళ్లు చేసినట్టుంది. నలుగురు కూర్చోవచ్చు. నెత్తిన ఒక డబ్బా గిర్రున తిరుగుతూ ఉంటుంది. నేను వెనక సీట్లో కూర్చుని, అలవాటు కొద్దీ, కిటికీలోంచి గీతలు చూసుకుంటున్నాను. ఆ అమ్మాయి నా పక్కనే కూర్చుని ఒళ్లో పలకలాంటిది పెట్టుకుంది. కాసేపయ్యాక, డ్రైవరు ఇంకా రాలేదేమమ్మా అని అడిగాను. డ్రైవరు లేడు తాతా, మనం బయల్దేరి పది నిమిషాలయింది, రెండు సిగ్నళ్లు కూడా దాటాం అంది. ముందుకి చూశాను. సీటు ఖాళీ. స్టీరింగు దానంతట అది తిరుగుతోంది. ఆపు, నేను దిగిపోతాను అన్నాను. ఇక్కడ ఆపితే వెనక బస్సు వాడు తిడతాడు, కూర్చోండి అంది. స్కూటరు వాడొకడు అప్పటికే పక్కకొచ్చాడు. ముందు సీట్లో తిట్టడానికి మనిషి కనపడక, నన్ను తిట్టి పోయాడు.

కుక్క అడ్డమొస్తే ఆగింది. తోపుడుబండి వాడు అటూ ఇటూ చూడకుండా రోడ్డుకి అడ్డంగా నడిస్తే, వాడు దాటేదాకా నిలబడింది. విసుక్కోలేదు, హారను కొట్టలేదు. నేను డ్రైవరైతే వాణ్ణి నాలుగు దులిపేవాణ్ణి.

ఇక గీత మాట. ముప్ఫయ్యొక్క ఏళ్లు ఎండలో వంగి వంగి గీతలు వేశాం. ఒక్కడు చూశాడా బావా? బస్సు వాడు గీత మీదే నడుపుతాడు, లారీ వాడు గీత మీదే ఆపుకుంటాడు. ఈ బండి మాత్రం నా గీతని పట్టుకుని, బెత్తెడు కూడా అటూ ఇటూ కాకుండా నడిచింది. నా పనిని నమ్మిన మొదటి ప్రాణి ఇదే, దానికి ప్రాణమంటూ ఉంటే. ఇది నాది, అదీ నాదే అని ఆ అమ్మాయికి చూపించుకుంటూ పోయాను. ఆమె నవ్వి, తాతా, మిగతా వాళ్లు వేసిన గీతల కంటే మీ గీతల మీదే మా బండి సాఫీగా పోతుంది, మేం కొలిచాం అంది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. దుమ్ము పడిందన్నాను.

అప్పుడు మలుపొచ్చింది.

బండి గీత వెంటే పోయింది. పోయి పోయి ఎడమ చక్రం తారు దిగి కంకరలో పడింది. నా వైపు ఒరిగింది. కిటికీ అద్దం కింద నాకు మురుక్కాలవ కనపడింది. సడన్‌గా బ్రేకు పడి నా నుదురు ముందు సీటుకి కొట్టుకుంది. బండి కుయ్ కుయ్ మని అరుస్తూ ఆగిపోయింది. వెనక బస్సు హారను మోగించేస్తోంది. ఆ అమ్మాయి పలకలో ఏదో నొక్కుతూ, రోజూ ఇక్కడ ఇంతే తాతా, పదిహేడు సార్లు వచ్చాం, పదిహేడు సార్లూ ఇంతే అంది.

రోజూ వందల బళ్లు పోతున్నాయి, మీ దానికే బుర్ర లేదా అన్నాను. మనుషులు సర్దుకుపోతారు తాతా, దీనికి సర్దుకోవడం రాదు, గీత ఎక్కడుంటే అక్కడే రోడ్డని నమ్ముతుంది అంది. అయితే ఈ ఒక్క గీతనీ నమ్మొద్దని చెప్పమన్నాను. అలా చెబితే రేపు వానలో ఇంకోచోట మంచి గీతని కూడా అనుమానిస్తుంది, ఏది నమ్మాలో ఏది మానాలో నేర్పడమే మాకున్న పెద్ద తలనొప్పి, అది వచ్చేసరికి ఇంకా ఏళ్లు పడతాయి అంది.

దిగి చూశాను. గీత రెండు జానలు బయటికి పోయింది. పందొమ్మిదేళ్లుగా అలాగే ఉంది. ఏటా పాత గీత మీదే కొత్త రంగు పూస్తారు కదా. మధ్యలో తారు మార్చినప్పుడు కూడా కొలతల పుస్తకంలో అడుగడుక్కీ ఉన్న కొలతలు చూసి అచ్చం అలాగే వేశారట. ఆ పుస్తకంలో మన ఇద్దరి సంతకాలున్నాయి.

అదే ఇప్పుడు మెడకి చుట్టుకుంది. పుస్తకం ప్రకారం గీత సరిగ్గానే ఉంది, తప్పు మీ బండిదే అని రోడ్ల ఆఫీసు వాళ్లు తేల్చేశారట. శనివారం పెద్ద ఆఫీసర్లు వస్తున్నారు. ఆ లోపల సంతకాలు పెట్టిన ఇద్దరూ గీత తప్పని రాసిస్తేనే చెరిపి కొత్తది వేస్తారట. లేకపోతే ఈ దారిలో బండి తిరగడానికి వీల్లేదని రాసేస్తారట. ఇంకో దారి లేదు, ఆసుపత్రికి పోయేది ఈ రోడ్డొక్కటే.

తిరక్కపోతే పోయె, నాకేం అన్నాను. నా చేత్తో నా గీత తప్పని రాసివ్వాలా? ఆ అమ్మాయి, ఈ బండి ఎవరి కోసమో చూడండి అని పలక నా ఒళ్లో పెట్టింది. బండి కళ్లు రోజూ తీసిన బొమ్మలట. ఆసుపత్రికి తీసుకుపోయే రోగుల్లో ఎవరెవరి ఇళ్ల ముందు ఆగాలో ఆ ఇళ్లు. ఒక్కొక్కటే వేలితో జరుపుతూ చూస్తున్నాను. ఒకచోట నీలం తలుపు, మూడు మెట్లు. మెట్టు మీద ఒక ముసలావిడ కూర్చుని ఉంది. మోచేతికి కట్టు. మెడలో ఎముకలు తేలిపోయాయి. ఎవరో అనుకుని జరిపేశాను. మళ్లీ వెనక్కి జరిపాను.

మా అక్క.

ఈమెకి ఏమైందని అడిగాను. నా అక్క అని చెప్పలేదు. కిడ్నీలు పాడయ్యాయి, వారానికి మూడు రోజులు రక్తం కడిగించుకోవాలి, పదకొండు నెలల నుంచీ ఆటోలో వస్తోంది, వాళ్లాయన ఒళ్లో పడుకోబెట్టుకుని తెస్తాడు, తిరిగి వెళ్లేటప్పుడు కుదుపులకి వాంతులు చేసుకుంటుంది, ఈ బండి కుదపదు, సీటు వాల్చి పడుకునే వీలుంది అంది.

పదకొండు నెలలు బావా. మూడు వీధుల అవతల ఉన్నాను. నేను చచ్చాననుకున్నారా? కోపం నా మీదైతే నా మీద చూపించు, అది నా తోడబుట్టింది. ఒక యంత్రం బొమ్మ తీస్తే తప్ప నా అక్క ఎలా ఉందో నాకు తెలియలేదు. ఇది నేను ఎవరితో చెప్పుకోను?

సరే. నీతో కాగితం మీద పోట్లాడితే తెమలదు. ఈ ఉత్తరంతో పాటు ఒక అర్జీ కాగితం ఉంది. గీత తప్పని అందులో ఉంది. కారణం దగ్గర, దారం వదులవడం వల్ల అని ఆ అమ్మాయి చేత రాయించాను. నా సంతకం పెట్టేశాను. కింద నీది పెట్టు. పందొమ్మిదేళ్ల కిందటి దారానికి ఇప్పుడెవరూ నిన్ను ఏమీ అనరు. ఈ వయసులో నీకు పోయే ఉద్యోగమూ లేదు. కొత్త గీతకి గుర్తులు పెట్టేది నేనే అని చెప్పాను. దారం అవతలి చివర నువ్వు పట్టుకోవాలి. ఇంకెవరు పట్టుకున్నా నేను వేయను.

శుక్రవారం సాయంత్రం నాలుగింటికల్లా నాకు జవాబు కావాలి. ఆ అమ్మాయే ఈ ఉత్తరం తెస్తుంది, ఆమె చేతికే ఇవ్వు. అక్కకి నా నమస్కారాలు చెప్పు. వద్దులే, చెప్పకు, నేనే వచ్చి చెబుతాను.

ఇట్లు,
నీ బావమరిది

తా.క. ఇంతవరకు రాసి కవరు అంటించేశాను. అన్నం ముందు కూర్చున్నవాణ్ణి లేచిపోయాను. కవరు మళ్లీ చింపాను.

నిన్న గీత పక్కన నిలబడి, ఇది దారం పట్టి వేసిందేనా తాతా అని ఆ అమ్మాయి అడిగింది. అవునన్నాను. ఆమె పలకలో ఆ గీతని పెద్దది చేసి చూపించింది. దారం వదులైతే గీత ఒక్కచోటే పొట్టలా ఉబ్బుతుంది, ఆ సంగతి నీకూ నాకూ తెలుసు. ఇందులో మూడు అలలున్నాయి. చేత్తో వేసిన గీత. ఆమె పలక మూసేసి, టీ తాగుతారా అంది.

బావా, ఆ రోజు అసలు దారమే లేదు. ఆఫీసరు చూస్తున్నాడని, ఇంత చిన్న వంపుకి మేకులూ దారమూ ఎందుకు సార్, కంటిచూపుతో ఒక్క ఊపులో వేస్తానని గొప్పకి పోయాను. నువ్వు దారం చుట్ట చేతిలో పట్టుకుని, వద్దురా, ఒక్క పావుగంట ఆగు, మేకులు కొడతాను అని నా చొక్కా పట్టుకుని లాగావు. నేను విదిలించుకున్నాను. ముందు నా చెవిలోనే చెప్పావు. నేను విననందుకే ఆఫీసరుకి చెప్పావు. గుంతల పనికి నిన్ను మార్చమన్నది కూడా నేనే. రోజూ నీ మొహం చూసి పని చేయలేక.

పందొమ్మిదేళ్లు ఈ అబద్ధం ఎన్నిసార్లు చెప్పానంటే, దారం నీ చేతిలో వదులవడం నాకు నిజంగానే కళ్లకు కట్టేది.

ఆ పాత అర్జీ చింపేశాను. కొత్తది నా చేత్తోనే రాశాను. ఆఫీసు కాగితమని పెద్దక్షరాలు పెడితే చెయ్యి రోడ్డు మీది ఆరడుగుల అలవాటుకి పోయింది, అందుకే నాలుగు మాటలకే కాగితం నిండిపోయింది. దారం పట్టలేదు, తప్పు నాది అని ఉంది. ఇది మాత్రం చదివి సంతకం పెట్టు. పెట్టాలని లేకపోతే పెట్టొద్దు, కానీ నన్ను చూసి కాదు, మెట్టు మీద కూర్చున్న మనిషిని చూసి ఆలోచించు. తిట్టాలనుంటే అదీ కాగితం మీద రాసి పంపు. శుక్రవారం, నాలుగింటికల్లా. నేను వాకిట్లోనే కూర్చుని ఉంటాను.