మెడ దగ్గర ఎర్ర బొత్తాం

అక్కా,

నాకు జ్వరం లేదు, మతీ పోలేదు. ముందే చెబుతున్నాను, కంగారుపడకు.

మా కళ్ళద్దాల ఫ్యాక్టరీ తరఫున విదేశంలో శిక్షణకి స్కాలర్‌షిప్ ఇస్తారని రాశాను కదా. నిన్న దరఖాస్తు పట్టుకెళ్తే గుమాస్తా రిజిస్టరు తిరగేసి, "మీరు నిరుడే వెళ్ళారు కదండీ! వెళ్ళినట్టు సంతకం ఉంది, తిరిగొచ్చినట్టు మాత్రం లేదు. అది పెడితేగానీ కొత్త దరఖాస్తు తీసుకోను" అన్నాడు. నిరుడంతా నేను ఇక్కడే అద్దాలు నూరాను! అయినా ఆ సంతకం అచ్చంగా నాదే. పక్కన అంటించిన ఫొటోలోనూ నేనే, బూడిదరంగు స్వెటర్లో, మెడ దగ్గర ఒకే ఒక్క ఎర్ర బొత్తాంతో. నాకసలు స్వెటరే లేదని నీకు తెలుసు. సంతకం పెట్టకుండా వచ్చేశాను. శుక్రవారంతో గడువు అయిపోతుంది. పెట్టనా, మాననా?

చిన్నదాని పంటి నొప్పి తగ్గిందా? వంటింటి కప్పు కారడం ఆగిందా? నా సర్టిఫికెట్లు బీరువాలోనే ఉన్నాయేమో చూడు. బావగారికి నమస్కారాలు, పిల్లలకి ముద్దులు.

నీ చెల్లి

చోటు లేక అంచున రాస్తున్నాను: నాకోసం ఏదో అల్లుతున్నానని, నేను చూసి ఆశ్చర్యపోతానని పోయిన కార్డులో రాశావు. అది బూడిదరంగుదే అయితే, నీకు పుణ్యముంటుంది, ఆ బొత్తాం కుట్టకు.