దరఖాస్తులో నా పేరు

తల్లీ మార్లీ,

ప్రభువు కృప నీకు తోడుండాలి. కాలేజీలో అమ్మాయిలు ఒకే ఇంట్లో కలిసుండే ఆ అక్కచెల్లెళ్ళ సంఘంలో చేరడానికి మళ్ళీ ప్రయత్నించనా అని అడిగావు. నిరుడు నిన్నెందుకు వద్దన్నారో తెలిసీ నేను చెప్పలేదు.

దరఖాస్తులో ‘సంఘంలో మీ బంధువులు’ అన్నచోట నువ్వు గర్వంగా నా పేరు రాశావు. అక్కడ రాయాల్సింది పాత సభ్యుల పేర్లమ్మా, వాళ్ళ వంటమనిషి పేరు కాదు. ఎవర్ని చేర్చుకోవాలో ఓట్లు వేసేరోజు, నేను వడ్డిస్తుంటే, అది చదివి ఒకమ్మాయి, “ఒసేయ్, వంటావిడ మేనకోడలటే! చేర్చుకుంటే ఎంగిలి పళ్ళేలు తనే తీస్తుందిలే,” అంది. అందరూ నవ్వారు. తలెత్తి నన్ను చూసి, “ఆంటీ, ఇంకో మొక్కజొన్న రొట్టె పెట్టవా?” అంది. పెట్టాను.

నీ మనసు అక్కడే ఉంటే ప్రయత్నించు. ఈసారి ఆ గడి ఖాళీగా వదిలెయ్. ఆ ఇంట్లో నీకు టీ అందించేది నేనే అయినా, అత్తా అని పిలవకు.

నీకోసం రోజూ మోకరిల్లే,
అత్త