పిడికెడు చోళ్ళకి పోయిన రక్షణ

అన్నయ్యకి,

ప్రభువు పేరిట వందనాలు. నేనిక్కడ బాగానే ఉన్నాను. నువ్వు, వదిన, పిల్లలు బాగున్నారనుకుంటన్నాను. అమ్మ ఎలాగుందని మాత్రం నిన్ను అడగను. పక్కనున్న నీకంటే ఇంత దూరాన ఉన్న నాకే ఆ సంగతి బాగా తెలుసు.

ఫోన్ చేస్తే కట్ చేసేస్తన్నావు. అందుకే కాగితం మీద రాస్తన్నాను. దీన్ని కట్ చెయ్యలేవు కదా.

ముందు నా సంగతి చెప్తాను, లేకపోతే బెంగెట్టుకుంటారు. హైదరాబాద్ శివారులో ఈ ముసలోళ్ళ హోంలో పని బాగానే కుదురుకుంది. పొద్దున్నే అందర్నీ లేపడం, స్నానాలు చేయించడం, తినిపించడం, పక్కలు మార్చడం. చలికాలమంటారు గానీ ఇది చలేటి? మనూళ్ళో ఈపాటికి పొద్దున్న మంచులో ఎదురింటి గడప కనపడదు, ఇక్కడ ఫ్యాన్ వేసుకుంటన్నారు. రెండు పూటలా అన్నం, సాంబారే. మన చోళ్ళని వీళ్ళు రాగులంటారు, అంబలి మాత్రం కాయరు. కడుపు నిండుతుంది, నోటికే రుచి లేదు. డాబా ఎక్కి ఎటు చూసినా ఒక్క కొండ లేదు. ఆదివారాలు ఏడుపొస్తది. అయినా బాగానే ఉన్నాను, బెంగొద్దు.

ఇప్పుడు అసలు సంగతి. మొన్న మన పక్కింటి బుదరమ్మత్త కూతురు సిగ్నల్ కోసం రోడ్డు మలుపు దాకా అమ్మని నడిపించుకొచ్చి ఫోన్ కలిపింది. అమ్మ ఒకటే మాట అడిగింది.

"గుంటా, నాను నరకానికే పోతానేటే?"

ఊరుకో అమ్మా, ఎవరన్నారు ఆ మాట అని కసిరాను. "మీ అన్నే సదివినాడు కదే. ఆడు అబద్దం సదవడు" అంది. అప్పుడు గానీ నాకు సంగతంతా తెలీలేదు. ఇన్ని నెలలూ నాకు చెప్పకుండా దాచావు చూడు, అది తల్చుకుంటే ఒళ్ళు మండిపోతంది.

అమ్మ చేసిన తప్పేటి? విత్తనాలు జల్లేముందు ఇటుకల పండక్కి ఊరోళ్ళు విత్తనాల బుట్ట తిప్పితే మనింటి తరపున పిడికెడు చోళ్ళు వేసింది. అందరి గింజలూ కలిపి ఊరి దేవత ముందు పెట్టి, మళ్ళీ ఇంటింటికీ పంచితే తన వంతు తెచ్చుకుంది. మొక్కలేదు, కల్లు ముట్టలేదు, కోడికూర తినలేదు. బుట్టలో మన గింజ లేకపోతే ఊరితో మనకి పొత్తు లేనట్టే అని ఆవిడ బాధ. నాన్న పోయిన ఏడాది మన చేను దున్నిందెవరు? ఆ ఊరోళ్ళే. నువ్వప్పుడు సాలూరులో బైబిలు ట్రైనింగులో ఉన్నావు.

దానికి మీ అయ్యగారు అమ్మ రక్షణ పోగొట్టుకుందని తేల్చేశారు. పాస్టరన్నాక ఏదో ఒకటి తేల్చాలి కదా. సంఘ పెద్దవి కాబట్టి ఆ తీర్పుని ఆరాధనలో నిలబడి చదివింది నువ్వు. కన్నతల్లిని పేరు పెట్టి చదివావు. నీకు నోరెలాగొచ్చిందన్నయ్యా? అప్పట్నుంచీ ప్రభువు బల్ల ఇచ్చే ఆదివారం లోపల మీరంతా రొట్టె తీసుకుంటుంటే అమ్మ బయట అరుగు మీద కూర్చుంటందంట. చచ్చిపోతే నాన్న పక్కన పెట్టనివ్వరని కూడా చెప్పారంట. ఈ మధ్య జ్వరమొచ్చినప్పట్నుంచి అన్నం ముట్టడం లేదు. ఎలాగూ అగ్నిలోకే కదా, తిని ఏటి చెయ్యాలి అంటందంట.

ఒక్క మాట అడుగుతాను, సమాధానం చెప్పు. ఆ పంచిన గింజలు ఏమయ్యాయి? నువ్వే నాగలి కట్టి మన చేలో జల్లావు. కోత పండగనాడు మొదటి చోడి కట్ట మన చేలోంచే చర్చికి తీసుకెళ్ళారు. అయ్యగారు దాని మీద చెయ్యి పెట్టి దీవించారు. గింజ పనికొచ్చింది, గింజ తెచ్చిన మనిషి పనికిరాలేదా? ఆయన తాగే అంబలి ఏ చేలోదో ఓసారి అడిగి చూడు. కొంచెమైనా సిగ్గుండాలి.

తెలీక మాట్లాడతన్నానంటావని ఇక్కడి పాస్టరు గారిని కూడా అడిగాను. హోంలో రత్నమ్మ గారని ఒకావిడ ఉంది. ఒకప్పుడు చర్చిలో పాటలు నడిపించిందంట, ఇప్పుడు కన్నబిడ్డల పేర్లే గుర్తులేవు. పాస్టరు గారు బల్ల తెచ్చిస్తే ఏసు ఎవడు, నాకొద్దు అని గిన్నె తోసేసి ఆయన చెయ్యి రక్కేసింది. ఆయన ఆ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఆవిడ నెమ్మదించేదాకా కూర్చుని రొట్టె ముక్క నోట్లో పెట్టారు. నేను వరండాలో ఆయన్ని ఆపి అమ్మ సంగతి చెప్పాను. నిజంగా పొందిన రక్షణ ఎప్పటికీ పోదమ్మా అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. అంతలోనే, పోయిందంటే మొదట్నుంచీ లేదనుకోవాలి అన్నారు. పోయిందని మీ అయ్యగారు, లేనే లేదేమోనని ఈయన. ఇద్దరూ ఇద్దరే. అమ్మ వాగులో బాప్తిస్మం తీసుకున్నందుకు పుట్టింటోళ్ళు గడప తొక్కనివ్వలేదని, చదువు రాకపోయినా మన చేత చదివించుకుని వాక్యాలు కంఠతా పట్టిందని చెప్పాను.

నాకు నీ అంత వాక్యం రాదు. కానీ ఏసెవడన్న మనిషినే వదలని ప్రభువు పిడికెడు చోళ్ళకి అమ్మని వదిలేస్తాడంటే నేను నమ్మను. వదిలేసేవాడే అయితే నాకూ ఆయన వద్దు.

వచ్చే బల్ల ఆదివారానికి సెలవు పెట్టాను. విశాఖలో కిరండూల్ రైలెక్కి వస్తాను, స్టేషన్‌కి ఎవరూ రానక్కర్లేదు. అమ్మ పక్కనే అరుగు మీద కూర్చుంటాను. అమ్మకిస్తేనే నాకు బల్ల. లేదంటే నా పేరు కూడా నిలబడి చదివెయ్.

వదినకి, బుదరమ్మత్తకి వందనాలు చెప్పు. పిల్లలకి ముద్దులు. ఎవరైనా ఇటొస్తే మన చేలో కొత్త చోడిపిండి కొంచెం పంపించు. నా రక్షణ పోతే పోనీ. ఎప్పుడూ నీ దీవెన అడిగేదాన్ని, ఈసారి మనసు రావట్లేదు. అమ్మ దీవెన చాలు.

కింద రాసింది అమ్మకి. బేగి చదువు, పిల్లల చేత చదివించకు. సంఘం ముందు ఆవిడ పేరు చదివిన నోటితోనే, ఆవిడ మంచం దగ్గర కూర్చుని, నువ్వే చదువు.

నీ చెల్లి,
రూతు

అమ్మా, నీ రక్షణ ఎక్కడికీ పోలేదు. లేచి అంబలి తాగు.