హనాన్ కోసం ఆర్పేసిన పొయ్యి

ఎడ్మంటన్, కెనడా,
ఆదివారం పొద్దున.

అక్కా,

నీ చెల్లెలు రమ్య నమస్కరించి రాసేది. నేను బాగానే ఉన్నాను. తింటున్నాను, స్వెటర్ మీద స్వెటర్ వేసుకుంటున్నాను, దిగులు పెట్టుకోకు. నీ మోకాలి నొప్పి తగ్గిందా? బావగారి షుగర్ అదుపులో ఉందా? చిన్నాడు ఇంకా అన్నం ముద్ద బుగ్గన పెట్టుకుని కూర్చుంటున్నాడా? అమ్మానాన్నలకు నేను బాగున్నానని మళ్ళీ ఒకసారి చెప్పు. నిజంగానే బాగున్నాను.

రోజూ వీడియో కాల్లో కనిపిస్తూ ఈ ఉత్తరమేంటి అనుకుంటావు. మేముండే బేస్‌మెంట్‌లో గోడలు అట్టముక్కలు. గట్టిగా నిట్టూర్చినా పక్క గదిలో స్వప్నకు వినపడుతుంది. చెప్పాల్సింది స్వప్న గురించే. పైన ఉండే మా ఓనరు విమల ఆంటీ ఇండియా వస్తున్నారు, ఆవిడ చేతికిస్తున్నాను. చదివి చింపెయ్.

ఒంగోల్లో మన వెనక వీధి స్వప్నేగా, డిగ్రీ కలిసి చదివాం, వీసాకి కలిసి అప్లై చేశాం, విమానంలో పక్కపక్కనే కూర్చుని ఏడ్చాం. ఇక్కడ కాలేజీ నిండా మనవాళ్ళే, ఒక్క పార్ట్‌టైమ్ ఉద్యోగానికి వీధి చివరిదాకా లైను. అంత లైనులోనూ నేను దాని చెయ్యి వదల్లేదు. ఇద్దరికీ ఒకే వేర్‌హౌస్‌లో పని దొరికింది. చలి, అట్టపెట్టెలు, రబ్బరులాంటి బ్రెడ్డు, అన్నీ ఓర్చుకున్నాను, పక్కన అది ఉందని.

నవంబరులో మూడో గదిలోకి హనాన్ వచ్చింది. సిరియా అమ్మాయి. వాళ్ళ ఊరు టర్కీ సరిహద్దును ఆనుకుని ఉంటుంది. ఆ ఊరు ఎవరిదో ఇంకా తేలలేదట. ఒక ఏడు ఒక జెండా, ఇంకో ఏడు ఇంకో జెండా. ఏ జెండా ఎగిరినా సంతలో కారు బాంబులు మాత్రం ఆగవట. అన్ని బండ్లలాగే ఒక బండి వచ్చి ఆగుతుంది, నడిపినవాడు దిగి వెళ్ళిపోతాడు. చచ్చేది టమాటాలు ఏరుకునేవాళ్ళు. చేసింది మీరంటే మీరని రెండు పక్షాలూ తిట్టుకుంటాయి, ఎవరూ ఒప్పుకోరు. హనాన్ ఇదంతా బస్సు టైము చెప్పినట్టు మామూలుగా చెప్పింది.

ఇక్కడ చలికి కార్లు మొరాయించకుండా ఇంజనుకి కరెంటు పెడతారు, ముందు భాగంలోంచి వైరు వేలాడుతుంటుంది. పొద్దున్నే మనిషి ఇంట్లో కాఫీ తాగుతూ మీట నొక్కితే బయట ఖాళీ కారు దానంతటదే స్టార్టయి పొగ వదులుతుంది. నాకది వింత. హనాన్‌కి ప్రాణం మీదికి వచ్చినట్టు. మొదటి వారం బస్టాపుదాకా వెళ్ళలేక క్లాసులు పోగొట్టుకుంది. అప్పటినుంచి స్వప్న కార్ల వైపు తను నడుస్తూ, హనాన్‌ని ఇవతల పెట్టుకుని తీసుకెళ్ళడం మొదలుపెట్టింది. మంచు తీసిన దారిలో ఇద్దరికే చోటు. నేను వెనక.

నాకు ఒళ్ళు మండిపోయేది అక్కా. నాకు జ్వరం వచ్చిన రోజు ఒక మాత్ర చేతిలో పెట్టి షిఫ్టుకు పోయిన మనిషి, హనాన్‌కి నిద్ర పట్టలేదంటే తల నిమురుతూ కూర్చునేది. నాకు పెద్ద కష్టమేదీ లేకపోవడం కూడా నా తప్పేనా అనిపించేది. నన్ను కూరలో కరివేపాకులా తీసి పక్కన పెట్టింది.

పోయిన వారం వాళ్ళ ఊరి సంతలో మళ్ళీ బండి పేలింది. హనాన్ తమ్ముడు యూసుఫ్ రొట్టెలు కొనడానికి వెళ్ళాడు, తిరిగి రాలేదు. ఊళ్ళో ఆసుపత్రిలో లేడు, చనిపోయినవాళ్ళలోనూ లేడు. హనాన్ ఫోను పట్టుకుని గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

స్వప్న ఏం చేసిందో తెలుసా? పొయ్యి ఆర్పేసింది. మన వైపు చావు జరిగిన ఇంట్లో చేసినట్టే. పైకెళ్ళి ఆంటీకి చెప్పింది. ఇక పూట పూటకీ స్టీలు డబ్బాల్లో అన్నం, చారు దిగడం మొదలయ్యాయి. హనాన్ తలుపు దగ్గర పెడితే పెట్టినట్టే ఉండేవి.

"ఏ సంగతీ తెలియకుండానే ఇదంతా ఎందుకే?" అన్నాను.

"నీకసలు మనసుందా రమ్యా? ఆ పిల్ల అట్టా ఉంటే మనం తాలింపులు పెట్టుకుంటామా?" అంది.

మనసు లేదనిపించుకుని కూడా ఊరుకున్నాను. నిన్న పొద్దున చూస్తే నా మంచం మీద బొంత లేదు. నువ్వు నా సూట్‌కేసులో మోకాలితో తొక్కి మరీ కుక్కిన బొంత. స్వప్న నన్ను అడగను కూడా అడక్కుండా తీసుకెళ్ళి హనాన్‌కి కప్పింది. అంతే, ఇక నాకు కళ్ళు కనపడలేదు. వంటింట్లోకి వెళ్ళి పొయ్యి ఆన్ చేశాను. పప్పు ఉడకేసి, నూనె కాగాక ఎండుమిరపకాయలు, వెల్లుల్లి, ఇంగువ దండిగా పడేశాను. ఆకలేసి కాదు, పంతానికి. ఘాటుకి ఇల్లంతా దగ్గు, వంటింటి సీలింగుకున్న పొగ అలారం చెవులు పగిలేలా మోత.

స్వప్న పరిగెత్తుకొచ్చింది. "నీకేమన్నా పిచ్చా? ఆర్పవే!"

"ఆర్పను, ఏం చేస్తావు?"

అప్పుడు హనాన్ తలుపు తెరుచుకుంది. నా బొంత భుజాల మీద కప్పుకుని, దగ్గుతూ వచ్చి, తువ్వాలుతో ఆ అలారానికి విసరడం మొదలుపెట్టింది. అది ఆగాక పొయ్యి వైపు చూసి, "వంట చేస్తున్నావా?" అని అడిగింది. ఔనన్నాను, కొంచెం పొగరుగానే. అక్కడే నేల మీద కూర్చుని ఏడ్చింది.

వాళ్ళ ఊళ్ళో కూడా మనలాగేనట. మనిషి పోయిన ఇంటికే పక్కవాళ్ళు వండి పంపుతారట. మనిషి జాడ తెలియకపోతే మాత్రం పొయ్యి ఆర్పరు. రోజూ వండి అతని కంచం కూడా పెడతారు. "డబ్బాలు రావడం చూసి మీకేదో తెలిసిందనుకున్నాను. వాడు పోయాడు, నాకు చెప్పలేక దాస్తున్నారనుకున్నాను. అడగడానికి ధైర్యం చాల్లేదు. ఇంటినుంచి ఫోను మోగుతున్నా ఎత్తలేదు," అంది.

స్వప్న మొహం పాలిపోయింది. నాకు సంతోషమేసింది. దాచుకోను అక్కా, ఆ క్షణంలో నిజంగా సంతోషమేసింది.

హనాన్ లేచి మొహం కడుక్కుని నాలుగు కంచాలు పెట్టింది. నాలుగోది యూసుఫ్‌ది. నేనే దాంట్లో అన్నం, పప్పు వడ్డించాను. ముద్ద నోట్లో పెట్టుకునే ముందు హనాన్ ఫోను తీసి వాళ్ళమ్మకు కలిపింది. ఆ భాష మాకు ఒక్క ముక్క తెలియదు. నేనూ స్వప్నా ఆమె మొహమే చూస్తూ కూర్చున్నాం.

బతికే ఉన్నాడట. దెబ్బలు ఎక్కువగా తగిలినవాళ్ళని సరిహద్దు దాటించి టర్కీ ఆసుపత్రికి తీసుకెళ్ళారట. ఒక కాలు పోయింది. స్పృహ వచ్చి పేరు చెప్పేదాకా అతనెవరో అక్కడ ఎవరికీ తెలియలేదు. వాళ్ళమ్మని మాత్రం సరిహద్దు గేటు దాటనివ్వడం లేదు. ఆసుపత్రి దీపాలు వాళ్ళ డాబా మీదికి కనిపిస్తాయట, అయినా వెళ్ళడానికి లేదు. "మా అమ్మా నేనూ ఇప్పుడు వాడికి ఒకటే దూరం," అంది హనాన్.

అని నా మీద పడి బావురుమంది. స్వప్న పక్కనే ఉన్నా నా మీద పడింది. నేను దాని వీపు నిమురుతూ, తల తిప్పి, స్వప్న చూస్తోందా లేదా అని చూశాను. కన్నబిడ్డ కాలు పోయి ఒక తల్లి గేటు దగ్గర నిలబడి ఉంటే నేను చూసింది అది. స్వప్న చూస్తోంది. కళ్ళు తుడుచుకుంటూ మా ఇద్దర్నీ చూసి నవ్వుతోంది. దానికి కుళ్ళన్నదే లేదక్కా. అందుకే దాన్ని చూస్తే నాకు ఇంకా కుళ్ళు.

సరే. ఆంటీ తిరిగి వచ్చేటప్పుడు కందిపొడి, గోంగూర పచ్చడి పంపు. రెండు సీసాలు పంపు, స్వప్నకూ హనాన్‌కీ కలిపి ఒకటి, నాకు ఒకటి. చలికి భయపడకు, బూట్లు మంచివే కొన్నాను. నేను బాగున్నాను.

అమ్మానాన్నలకు, మీ అత్తగారికి, మామగారికి నా నమస్కారాలు. నువ్వూ బావగారూ నన్ను దీవించండి. చిన్నాడికి ముద్దులు. శనివారం గుడికి వెళ్ళినప్పుడు యూసుఫ్ పేరు మీద అర్చన చేయించు. పంతులుగారు గోత్రం అడిగితే మనదే చెప్పు.

నీ చెల్లెలు,
రమ్య