పెట్టెలో ఆరు

కియా బేసిన్ క్లబ్బు బస,
సెప్టెంబరు 1, 1994

ప్రియమైన నైరీ,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి మూడుసార్లూ చించేశాను. ఇది ఎలా వచ్చినా పంపేస్తాను. సామాన్ల లిఫ్టు పదకొండింటికి కిందికి దిగుతుంది, టపా దానితోనే వెళ్తుంది.

లాకీ పోయి నేటికి మూడు వారాల పైనే అయింది. అమ్మ వాడి స్కీ బూట్లను గుమ్మంలోంచి తియ్యనివ్వడం లేదు. వచ్చినవాళ్ళందరూ వాటిని దాటుకుని లోపలికి వెళ్తున్నారు. ముప్ఫై ఒక్కేళ్ళ తమ్ముడు, స్కీయర్లను వాలు పైకి లాగే తాడు యంత్రం పైచక్రానికి పట్టిన మంచు గడ్డలు కొట్టడానికి వెళ్ళి తిరిగి రాలేదని ఎవరికి చెప్పినా నాకే అబద్ధంలా వినిపిస్తోంది.

ఒక సంగతి నీకు నేనే చెప్పాలి. గైడ్ల సంఘం వాళ్ళు నన్ను వాంగ్మూలం అడిగారు. చూసింది చూసినట్టు రాశాను. మంచుచరియ విరిగి వాణ్ణి కప్పేసిన పది నిమిషాలకు నేను విద్యార్థుల్ని వెంటేసుకుని వచ్చేసరికి నువ్వు విరిగిన మంచు అంచున, కింది మైదానంలో గొయ్యి తవ్వుతున్నావు. లాకీ అక్కడికి నలభై మీటర్ల పైన ఉన్నాడు. ఏడు నిమిషాలు తప్పు చోట తవ్వావు. వాణ్ణి బయటికి తీసేసరికి ఇరవై నాలుగో నిమిషం. ఆ ఏడు నిమిషాలు మన చేతిలో ఉండి ఉంటే ఏమయ్యేదో నీకూ తెలుసు, నాకూ తెలుసు. మంచు కింద ప్రతి నిమిషమూ ప్రాణమేనన్నది మనం అందరికీ చెప్పే మొదటి పాఠం.

నవంబరు 29న క్రైస్ట్‌చర్చ్‌లో విచారణ. నీ గైడ్ సర్టిఫికెట్ ఉంచుతారో తీసేస్తారో ఆ రోజు తేలుతుంది. కోపంతో రాసిన వాంగ్మూలం కాదు నైరీ. అలాగని కోపం లేదని కూడా అనను. మెడలో కట్టుకున్న బీకన్ మంచు కిందనుంచి ఎలా పిలుస్తుందో, దగ్గరయ్యే కొద్దీ చెవిలో మోత ఎలా పెరుగుతుందో ఇరవై రెండేళ్ళుగా జనానికి నేర్పినదానివి. నీ చెవి ఎలా మోసపోయిందో నాకు అంతుపట్టడం లేదు.

కోర్సులు నడుస్తున్నాయి. సాయంత్రం బీకన్ల పెట్టె ముందు కూర్చుని లెక్క అరిచేందుకు నువ్వు లేవు కనుక నేనే చూసుకుని నేనే రాసుకుంటున్నాను. ప్రాక్టీసుకు పాతిపెట్టే బీకన్లు ఐదే కనిపిస్తున్నాయి. ఆరోదాన్ని కియాలు ఎత్తుకుపోయాయంటాడు వంటమనిషి హెమీ. ఆ చిలకలు పోయిన వారం వాడి కారు వైపర్లు పీకేశాయి కాబట్టి వాటి మీద ఏ నేరం మోపినా నమ్ముతాడు.

జవాబు రాయి. తిట్టాలనిపిస్తే తిట్టు.

నీ డూగల్

*

ఒమారు,
సెప్టెంబరు 10

ప్రియమైన డూగల్,

నిన్ను తిట్టడానికి నా దగ్గర ఏమీ లేదు. నువ్వు రాసిన ప్రతి మాటా నిజం. అక్కడే తవ్వాను, ఏడు నిమిషాలూ తవ్వాను. విచారణలో నేను ఎదురు మాట్లాడను. అదే సంఘానికి కూడా రాసేశాను.

మా చెల్లెలి ఇంట్లో ఉంటున్నాను. కిటికీలోంచి సముద్రం కనిపిస్తుంది. దానికి వాలు లేదు, విరిగి పడేది లేదు, చూస్తూ కూర్చోవచ్చు. చెల్లెలు రోజూ చీజ్ రోల్స్ చేసి పెట్టి నేను తినేదాకా కదలదు. మొన్న వాళ్ళ చిన్నది "పెద్దమ్మా, నువ్వు మనుషుల్ని తవ్వి తీస్తావంట కదా" అని అడిగింది. ఇదివరకు తీసేదాన్నని చెప్పాను.

ఆరో బీకన్ గురించి హెమీని కియాల మీద పడొద్దని చెప్పు. అది నా దగ్గరే ఉంది. ఆ రోజు హడావుడిలో నా సంచిలో పడినట్టుంది. నవంబరులో వచ్చినప్పుడు తెస్తాను.

అవును, వస్తాను. పాఠాలు చెప్పడానికి కాదు, ఆ మాట ఎత్తకు. ఏటా మంచు కరిగాక అందరం వరస కట్టి నడిచి, చలికాలం మింగిన చేతి తొడుగులూ సీసాలూ ఏరతాం కదా, దానికి వస్తాను. కింది మైదానం నాకు వదిలెయ్. అక్కడ నేనొక్కదాన్నే నడవాలి. ఎందుకని అడక్కు.

మీ అమ్మకు నా నమస్కారాలు చెప్పు. ఆమె వినకపోతే బలవంతపెట్టకు.

నీ నైరీ

*

కియా బేసిన్ క్లబ్బు బస,
అక్టోబరు 4

ప్రియమైన నైరీ,

ఎదురు మాట్లాడనని రాశావు చూడు, అది చదివి నాకు ఒళ్ళు మండింది. నువ్వేనా ఆ మాట రాసింది? పొద్దున్నే గేటు దగ్గర నిలబడి, బీకన్ మోగని వాణ్ణి ఎవరైనా సరే వెనక్కి తోలేసే మనిషివి. ఆ జడ్జిగారు గుర్తున్నాడా? బ్యాటరీ అయిపోయిన బీకన్‌తో వచ్చి, "ఈ ఒక్కరోజుకు పోనివ్వండి, నేనెవరో తెలుసా" అన్నాడు. "తెలుసు సార్. తీర్పులు కోర్టులో మీరు చెప్పండి, ఇక్కడ బ్యాటరీ చెప్తుంది" అన్నావు. ఆయన కారెక్కేదాకా చేతులు కట్టుకుని చూస్తూనే ఉన్నావు. ఆ నైరీ ఎక్కడికి పోయింది?

నాకు నిద్ర పట్టడం లేదు. నీకు శిక్ష పడితే నాకు ఊరట కలుగుతుందని అనుకున్నాను. ఇప్పుడు చూస్తే అదేమీ లేదు. ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పు. ఆ గోతి దగ్గర నీకు ఏం వినిపించింది? లాకీ బీకన్ అంత దూరం నుంచి అంత గట్టిగా వినిపించదు. ఏమీ వినిపించని చోట నువ్వు పార పట్టే మనిషివి కాదు. నీ చెవి పాడైందంటే డాక్టరుకు చూపించుకో, ఆ కాగితం సంఘానికి పంపుదాం. పెద్దవయసు తప్పేం కాదు.

ఇంకోటి. నెలాఖరున పన్నెండు మందితో ఆఖరి కోర్సు. ఇద్దరికొకటి చొప్పున ఆరు బీకన్లు కావాలి. నీ దగ్గరున్నది పార్సిల్ చెయ్యి.

మంచు ఈసారి త్వరగా దిగిపోతోంది. తాడు యంత్రం కింద అప్పుడే రాళ్ళు తేలాయి.

నీ డూగల్

*

ఒమారు,
అక్టోబరు 19

ప్రియమైన డూగల్,

నా చెవులు బాగానే ఉన్నాయి. ఆ ప్రశ్న మళ్ళీ అడగొద్దు.

బీకన్ పార్సిల్‌లో పంపితే దెబ్బ తింటుంది. ఐదింటితో సర్దుకో.

నవంబరు 19కి బస్సు టికెట్టు తీసుకున్నాను. నేను వచ్చేదాకా నువ్వు కింది మైదానంలో అడుగు పెట్టనని మాటివ్వు. హెమీని కూడా వెళ్ళనివ్వకు. రేడియోలో వాయవ్య గాలి వీస్తుందని చెప్పినప్పుడల్లా క్యాలెండరు ముందు నిలబడి రోజులు లెక్కపెడుతున్నాను. మూడు రోజులు ఆ వేడిగాలి వీస్తే ఎంత మంచైనా ఆగదని నీకు నేను చెప్పాలా?

ఇరవై రెండేళ్ళలో నిన్ను నేను ఏదీ అడగలేదు. ఇదొక్కటి అడుగుతున్నాను.

నీ నైరీ

*

కియా బేసిన్ క్లబ్బు బస,
నవంబరు 13

ప్రియమైన నైరీ,

నువ్వు అడగ్గానే కార్డు రాసి ఇచ్చిన మాట తప్పాను. కావాలని తప్పలేదు.

నాలుగు రోజులుగా వాయవ్య గాలి. నిన్న పొద్దున టీ కప్పుతో బయటికొచ్చి చూస్తే, ఆ రోజు నువ్వు గోతి దగ్గర గుర్తుగా గుచ్చిన వెదురు కర్ర చుట్టూ ఐదారు కియాలు మూగి ఉన్నాయి. దేన్నో పొడుస్తున్నాయి, అటూ ఇటూ దొర్లిస్తున్నాయి. ప్లాస్టిక్కు మింగి చస్తాయని వాటిని తోలడానికి వెళ్ళాను. నీకిచ్చిన మాట సగం దూరం నడిచాక గుర్తొచ్చింది. అప్పటికే అది ఏమిటో కనిపిస్తోంది.

రెండు లీటర్ల ఐస్‌క్రీం డబ్బా. మూత చుట్టూ మన నల్ల టేపు. లోపల బీకన్, దాని మీద ఎర్ర రంగుతో నేను వేసిన అంకె. నీ సంచిలో ఉందని రాసిన ఆరోది ఇప్పుడు నా ముందు బల్ల మీద ఉంది.

అది నీ వెదురు కర్రకు రెండడుగుల దూరంలో దొరికింది. ఇంకో మోచేతి లోతు తవ్వి ఉంటే నీ పారకే తగిలేది. నీ చెవి మోసపోలేదు. ముందురోజు ప్రాక్టీసుకు పాతిపెట్టి, తియ్యడం మరిచిపోయిన డబ్బా కింద ఉండి పిలుస్తుంటే నువ్వు సరిగ్గా దాని మీదే నిలబడి తవ్వావు.

బీకన్ల లెక్క రాసే పుస్తకం తీసి చూశాను. ఆగస్టు 8. పాతినవి ఆరు, తిరిగొచ్చినవి ఆరు. ఆ సాయంత్రం పెట్టె ఎవరు చూశారో గుర్తు లేదు, కింద సంతకం మాత్రం నాదే. వంకర కూడా పోలేదు, చక్కగా పెట్టాను. నా తమ్ముణ్ణి నేను చంపుకుని, ఆ నేరాన్ని నీ మీద వేసి, పైగా నీ చెవులు చూపించుకోమన్నాను.

నిన్న మధ్యాహ్నమే సంఘానికి ఉత్తరం రాసి లిఫ్టులో పంపాను. నా వాంగ్మూలం వెనక్కి తీసుకున్నాను. లెక్క నాది, సంతకం నాది, నైరీ తప్పు ఏ కోశానా లేదని రాశాను. నీ సర్టిఫికెట్‌కు ఇక ఢోకా లేదు. నాది వాళ్ళిష్టం.

సాయంత్రం డార్ఫీల్డ్ వెళ్ళి అమ్మకు చెప్పాను. ఆమె లేచి టీ పెట్టుకుంది. ఒక్క కప్పే పెట్టుకుంది.

నీకు ముందే తెలుసు. లేకపోతే నీ దగ్గర ఉందని అబద్ధం రాయవు, మైదానంలోకి రావొద్దని బతిమాలవు. నాకోసమే దాచావు, నీ పేరు పోగొట్టుకోవడానికి కూడా సిద్ధపడ్డావు. అందుకు నీ కాళ్ళ మీద పడాలి. కానీ నైరీ, ఈ మూడు నెలల్లో ఇంకో నాలుగు కోర్సులు నడిపాను. అదే పద్ధతిలో పాతాను, అదే పద్ధతిలో రాసుకున్నాను. ఇంకో డబ్బా ఉండిపోయి ఉంటే? ఆ మాట నువ్వు ఆలోచించలేదంటే నమ్మలేను. అందుకు కోపం వచ్చింది. తగ్గాక మళ్ళీ రాస్తాను.

నీ డూగల్

*

ఒమారు,
నవంబరు 17

ప్రియమైన డూగల్,

నీ కోపం తగ్గేదాకా ఆగడానికి లేదు. నీ ఉత్తరంలో ఒక తప్పు ఉంది. దాన్ని అలాగే వదిలేస్తే నాకు అన్నీ కలిసొస్తాయి. సర్టిఫికెట్ ఉంటుంది, పేరు ఉంటుంది, స్నేహితుడి కోసం నింద మోసిన మనిషినని జనం చెప్పుకుంటారు. మొన్న నీ ఉత్తరం చదివి, ఒక పూటంతా దాన్ని అలాగే వదిలేద్దామనే అనుకున్నాను. అదీ నేను.

ఆ సాయంత్రం పెట్టె ముందు కూర్చున్నది నేను. గుర్తు తెచ్చుకో. పదకొండేళ్ళుగా అదే కదా మన పద్ధతి, ఒకరు చూసి అరవాలి, ఇంకొకరు రాసి సంతకం పెట్టాలి. నువ్వు పుస్తకం పట్టుకుని పొయ్యి పక్కన నిలబడ్డావు. విద్యార్థులు తడి తొడుగులు ఆరేస్తున్నారు. అప్పుడు లాకీ వచ్చాడు. నా ఎర్ర ఉన్ని టోపీ వాడి నెత్తిన, చేతిలో హెమీ గరిటె. తలుపుకు అడ్డంగా నిలబడి, గేటు దగ్గర నేను మాట్లాడే గొంతుతో మొదలుపెట్టాడు.

"బీకన్ మోగనివాళ్ళకు సూప్ లేదు. అంతే. ఏడవకండి. సార్, తమరు జడ్జిగారైతే నాకేంటి, గిన్నె దించండి."

అందరూ పడీపడీ నవ్వుతున్నారు. నేనూ నవ్వుతున్నాను.

"ఎన్ని నైరీ?" అని నువ్వు అడిగావు.

"ఆరు" అన్నాను.

నేను పెట్టెలోకి చూడలేదు, డూగల్. వాడి మొహం చూస్తూ ఆరు అన్నాను. పదకొండేళ్ళుగా నా మాట ఒక్కసారి కూడా తప్పలేదు కాబట్టి నువ్వు రాసేశావు. నేను చెప్పిందే రాశావు.

మర్నాడు గోతిలో తవ్వుతున్నప్పుడు నాకు ఏమీ తట్టలేదు. కింద మనిషి ఉన్నాడనే అనుకున్నాను. లాకీని కిందికి తీసుకెళ్ళిన మరుసటి పొద్దున, సామాన్లు ఆరబెడదామని పెట్టె మూత తీశాను. ఐదు గూళ్ళలో ఐదు. ఆరో గూడు ఖాళీ. ఆ మూత ఒళ్ళో పెట్టుకుని నేల మీదే కూర్చున్నాను. హెమీ వచ్చి, "లాకీ కోసమా" అన్నాడు. అవునన్నాను.

నీకోసం దాచానని రాశావు. అందులో కొంత నిజం ఉంది. తెలిస్తే నువ్వు తట్టుకోలేవని భయపడ్డాను. మిగతాదంతా నాకోసమే. చెవి మోసపోయిందని జనం అంటే భరించగలను. వయసు మీద పడింది, పాపం అనుకుంటారు. చూడకుండా లెక్క చెప్పిందని అంటే భరించలేను. ఇరవై రెండేళ్ళు నేను జనాన్ని గేటు దగ్గర వెనక్కి తోలింది సరిగ్గా ఆ తప్పుకే. అందుకే ఆ డబ్బాను నీకంటే ముందు ఏరుకుని, ఇంటికి తెచ్చి, సముద్రంలో విసిరేద్దామనుకున్నాను. ఆ నాలుగు కోర్సుల సంగతి నాకు తట్టకపోలేదు. ప్రతి కోర్సు రోజూ గుర్తొచ్చేది. అయినా నోరు మెదపలేదు. నీ కోపం తగ్గనక్కర్లేదు.

ఇదంతా సంఘానికి కూడా రాశాను. ఇవాళ ఈ ఉత్తరంతో పాటే అది కూడా వెళ్తుంది. నాది తీసేస్తే తీసెయ్యనీ. నీది తీస్తామంటే అక్కడే కూర్చుని పోట్లాడతాను. పోట్లాడే నైరీ ఎక్కడికి పోయిందని అడిగావుగా.

ఆ డబ్బా కడగొద్దు, టేపు తియ్యొద్దు. విచారణకు అలాగే తీసుకురా. వచ్చే చలికాలం మొదటి పాఠానికి బల్ల మీద అదే ఉండాలి. పాఠం ఎవరు చెప్తారో వాళ్ళనే తేల్చనీ. చెప్పనిస్తే నేను చెప్తాను, పేర్లతో సహా.

ఎల్లుండి బస్సుకే వస్తున్నాను. కొండకు కాదు, ముందు డార్ఫీల్డ్‌లో దిగుతాను. మీ అమ్మ లాకీ బూట్లు దాటి లోపలికి రానిస్తే, ఆ ఆరు ఎవరన్నారో ఆమెకు నా నోటితో చెప్తాను. ఆ తర్వాత నన్ను గెంటేసినా సరే, నీకొక కప్పు టీ పెట్టమని అడిగే వస్తాను.

నీ నైరీ