కుడి స్పీకరు

అక్టోబరు 1, ఆయుధపూజ

అమ్మ ఇంట్లో ఉన్న ప్రతి యంత్రానికీ బొట్టు పెట్టింది. మిక్సీ, స్కూటర్, నా ల్యాప్‌టాప్, చివరికి నా మొగుడు దేవరాజ్ రికార్డ్ ప్లేయర్‌కి కూడా. సూది ఉండే కార్ట్రిడ్జ్ మీద కుంకుమ చూసి అతని ముఖం మాడిపోయింది.

అక్టోబరు 4

కుడి స్పీకరు మోగడం లేదు. కుంకుమ లోపలికి పోయి కార్ట్రిడ్జ్ చచ్చిందని దేవరాజ్ ఇల్లు పీకి పందిరేశాడు. పల్లెటూరి మనిషిని తెచ్చిపెట్టుకుంటే ఇంతేనన్నాడు. అమ్మ వంటింట్లోంచి అంతా వింది. బొట్టు పెడితే చెడిపోతాదని నాకేం తెల్సప్పా, తప్పయింది అంటూ అతని చేతులు పట్టుకోబోయింది. అతను లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాడు. ఛీ!

అక్టోబరు 5, ఉదయం

అమ్మ బట్టలు సర్దుకుని చందాపురలో అన్నయ్య ఇంటికి వెళ్ళిపోయింది. వాళ్ళకున్నది ఒకటే గది. నా దగ్గరే ఉంచుకుంటానని మాటిచ్చి మరీ తెచ్చుకున్నాను.

అక్టోబరు 5, సాయంత్రం

రోజూ ఆఫీసులో సర్క్యూట్లు టెస్ట్ చేసేదాన్ని, ఇది నాకో లెక్కా! కార్ట్రిడ్జ్ వెనక కుడి, ఎడమ వైర్లు మార్చి పెట్టాను. ఇప్పుడు ఎడమ స్పీకరు మూగబోయింది. అంటే లోపం కార్ట్రిడ్జ్‌లోనే. మీటర్ పెడితే కుడి కాయిల్ ఓపెన్. లోపల వైరు తెగింది. కుంకుమ వైరును ఎలా తెంపుతుంది? లెన్స్‌తో చూశాను. కుడి వైరు తగిలించే పిన్ను మెలితిరిగి ఉంది, దాని మీద కటింగ్ ప్లయర్ పళ్ళ గాట్లు. ఈ ఇంట్లో ప్లయర్ ఎక్కడుంటుందో అమ్మకు తెలియనే తెలియదు.

అక్టోబరు 6

దేవరాజ్‌ని నిలదీశాను. కుంకుమ తుడవడానికి విప్పాడట. తిరిగి పెట్టేటప్పుడు వైరు వదులుగా ఉంటే ప్లయర్‌తో నొక్కాడట. ఆమె పెట్టకపోతే నేను విప్పేవాడినా అని నన్నే అడిగాడు! సిగ్గుండాలి. ఫోన్ చేసి అమ్మకు సారీ చెప్పమన్నాను. ముందు అది బాగవనీ, చూద్దాం అన్నాడు.

అక్టోబరు 11

బాగు చేశాను. వెంట్రుక కన్నా సన్నని వైరు, పిన్ను మొదట్లోనే తెగింది. నిన్న ఆఫీసు మైక్రోస్కోప్ కింద సోల్డర్ చేసేసరికి మెడ పట్టేసింది. ఇప్పుడు రెండు వైపులా బ్రహ్మాండంగా మోగుతోంది. దేవరాజ్ ఫ్రెండ్స్‌ని పిలిచాడు. అత్తగారు కుంకుమతో కార్ట్రిడ్జ్‌ని చంపిన కథ చెప్పి అందరినీ నవ్వించాడు. నా ముందే! ఫోన్ సంగతి గుర్తు చేస్తే, ఇప్పుడు ఇల్లు ప్రశాంతంగా ఉంది కదా, వదిలెయ్ అన్నాడు.

అమ్మకు నేనే ఫోన్ చేశాను. తప్పు నీది కాదమ్మా అంటే నమ్మలేదు. నువ్వు ఊరికే అంటాండావు, అల్లునికి కోపం పోయిండాదా అని అడిగింది.

అక్టోబరు 12

చందాపుర బస్సులో ఉన్నాను. కార్ట్రిడ్జ్ నా హ్యాండ్‌బ్యాగులో ఉంది. దేవరాజ్ ఫోన్ల మీద ఫోన్లు. రెండు స్పీకర్లూ మోగడం లేదట.