పిడుదుల సీసా

ప్రొఫెసర్ వికర్స్ గారికి,

నేను డెలా తాతయ్యను. మా పిల్లకు మెడికల్ కాలేజీలో సీటు వచ్చింది.

రెండేళ్లపాటు శనివారం శనివారం అది నా ఆవుల ఒంటిమీది పిడుదులు ఏరి సీసాలో వేసి మీ ల్యాబ్‌కు తెస్తుంటే, "నువ్వు డాక్టరయ్యేది మనుషులకా, మా మేబెల్ ఆవుకా?" అని ఏడిపించాను. ఆ పురుగులు మానేసి ఆసుపత్రిలో పని చూసుకోమన్నాను.

ఇంటర్వ్యూలో, ఆ పరిశోధనలో ఏం తేలిందని అడిగారట. "నేననుకున్నది తప్పని తేలిందండీ. మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాను" అందట. మిగతా సమయమంతా వాళ్లు పిడుదుల గురించే మాట్లాడుకున్నారట.

నేననుకున్నదీ తప్పేనండీ.

ఆగస్టులో అది వెళ్లిపోతే శనివారాలు మేబెల్ కంచె దగ్గర ఎదురుచూస్తుంది. సీసా కడిగి ఉంచాను. డాక్టరు కావాలనుకునే పిల్లలు మీ దగ్గర ఇంకెవరైనా ఉంటే పంపండి. పొద్దున్నే వస్తే పాన్‌కేకులు నేనే వేసి పెడతాను.

డెలా తాతయ్య